ఇంచుమించు గంధం రంగు

నెల్లూరు కోస్తాలో సంక్రాంతికి గోడలు ఆరవు. రాష్ట్రంలో చాలా జిల్లాలకు వానాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా. మాకు అసలు వానలు అక్టోబరులో అందుకుంటాయి. ముందు ఈశాన్య రుతుపవనాలు, వాటి వెనకే వాయుగుండాలు, కొన్నేళ్లు ఏకంగా తుపాను. ఏడాదంతా కురిసే వానలో సగానికి పైగా ఆ మూడు నెలల్లోనే పడుతుంది. 2015 నవంబరు వరదల్నీ, 2021 నవంబరు వరదల్నీ మావాళ్లకు ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. రెండోసారి పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు రెండూ దెబ్బతిన్నాయి. అంత నీళ్లలో నానిన గోడలు డిసెంబరు ఆఖరుకి కాస్త తెప్పరిల్లేసరికి పండగ గుమ్మంలో నిలబడి ఉంటుంది. గోడ ఏడాదిలోకెల్లా ఎక్కువ నీళ్లు తాగి ఉన్న రోజుల్లోనే దానికి రంగు వేయించాలి. మా ఇందుకూరుపేట వాళ్లకు ఈ పేచీ పుట్టుకతో వచ్చిందే.

సున్నం కాలంలో ఇదొక పేచీ అని ఎవరికీ తోచలేదు. గుల్లసున్నం తొట్టిలో పోసి నీళ్లు కొడితే బుసబుసమని ఉడికేది. పిల్లల్ని ఆ ఛాయలకు రానిచ్చేవాళ్లు కాదు. రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే పలచని గుడ్డలో వడకట్టి, పట్టు కోసం కాస్త గంజి కలిపి, చిటికెడు నీలిమందు వేసి, నార కుంచెతో బాదేవాళ్లు. కొట్టేటప్పుడు గోడకు నీళ్లు చల్లినట్టే ఉండేది. ఆరేకొద్దీ తెలుపు పైకి తేలేది. గోడలో చెమ్మ ఉంటే సున్నానికి బాధ లేదు. కాస్త తడి ఉంటేనే అది గోడను గట్టిగా పట్టుకుంటుంది, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నిదానంగా రాయిలా గట్టిపడుతుంది. పైపొరలో సన్నసన్నటి సందులు ఉంటాయి కాబట్టి లోపలి తడి తన దారిన తాను బయటికి పోతుంది. పులికాట్ సరస్సు అడుగున పేరుకున్న గుల్లను తవ్వి కాల్చి సున్నం చేయడం మాకు దక్షిణాన ఎంతోమందికి బతుకుతెరువుగా ఉండేది. వానల ఊళ్లకు ఆ గుల్ల సరిగ్గా సరిపోయింది.

ఒక ఏడు కొట్టిన సున్నం మరో ఏడు కొట్టిన సున్నంతో కలిసేది కాదన్నది వేరే సంగతి. నీలిమందు చెయ్యి ఎక్కువైతే ఆ ఏడు ఇల్లంతా లేత ఆకాశం రంగు. తక్కువైతే పాత పంచె రంగు. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు, ఎందుకంటే కొట్టేది ఇల్లంతా ఒక్కరోజే. పోల్చి చూసుకోవడానికి పక్కన పాత తెలుపంటూ మిగిలేది కాదు. తెలుపులో తేడా సున్నం ఒక్కదానికే కాదు. మా మండలంలోనే పెన్న ఒడ్డున పల్లిపాడు ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ వచ్చి అక్కడ పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. చేత్తో వడికిన నూలుతో నేసిన ఖద్దరు కూడా ఏ రెండు తానులూ ఒకే తెలుపుగా ఉండవు. అవి కట్టుకుని తిరిగిన తరానికి సున్నంలో తేడాలు వెతికే తీరిక, ఓపిక రెండూ ఉండి ఉండవు.

ఇప్పుడు మనం గోడలకు వేసేది సున్నం కాదు, ఎమల్షన్. నీళ్లతో కలుపుతారు గాని అది ఆరాక గోడ మీద సన్నటి ప్లాస్టిక్ పొర మిగులుతుంది. గోడ లోపలి తడికి దారి మూసుకుపోతుంది. తడి ఊరుకోదు. తనతో పాటు ఇటుకలో, ఇసుకలో, కట్టేటప్పుడు వాడిన నీళ్లలో ఉన్న ఉప్పును మోసుకొచ్చి పొర వెనక పెడుతుంది. అక్కడ ఉప్పు గడ్డకట్టి పొరను బయటికి నెడుతుంది. ముందు ఉబ్బు, తర్వాత పెచ్చు, ఆ వెనక పిండిలా రాలే సిమెంటు. మైపాడు సముద్ర తీరం నుంచి వచ్చే గాలిలో ఉప్పు, రొయ్యల గుంటల పక్కన నేలలో ఉప్పు, బోరు నీళ్లలో ఉప్పు. మా వైపు ఏ ఇంటికైనా వెళ్లి కిటికీ కింద చూడండి, ఒక మచ్చ ఉంటుంది. దాన్ని గోకి, ఆరబెట్టి, పుట్టీ పెట్టి, మళ్లీ రంగు వేస్తారు. సున్నం కాలంలో ఇల్లంతా కొట్టేవాళ్లం, ఎమల్షన్ కాలంలో మచ్చకే వేస్తున్నాం. రంగులు కలవడం లేదన్న గొడవ మొత్తం ఇక్కడే పుట్టింది.

మా హాలు గోడ లేత గంధం రంగు. ఆ గోడకే కిటికీ కింద, ముగ్గు పళ్లెం అంత మేర పెచ్చు లేచింది. మొదట వేసినప్పుడు మిగిలిన రంగు ఎప్పుడో తులసి కోటకూ మేడ మెట్ల పక్క గోడకూ అయిపోయింది. షేడ్ నంబరు మాత్రం ఒక పాత బిల్లు మీద దొరికింది. నెల్లూరు వెళ్లి అదే కంపెనీ, అదే నంబరు, లీటరు డబ్బా తెచ్చాం. పెయింటర్ వచ్చి మచ్చ మీద ఒక కోటు వేశాడు. గోడ గంధం రంగు, మచ్చ పాలమీగడ రంగు.

"ఇదేంది, తెల్లగా ఉండాదే?" అని అమ్మ అడిగింది.

"తడి మీద అట్టనే ఉంటదమ్మా. ఎండనీయండి, కలిసిపోద్ది."

అతను చెప్పింది అబద్ధమేమీ కాదు. తడి ఎమల్షన్‌లో పాలలాంటి జిగురు ఉంటుంది. ఆరాక అది అద్దంలా తేటపడి, అసలు రంగు బయటికొస్తుంది. సున్నం ఆరితే తెల్లబడుతుంది, ఎమల్షన్ ఆరితే ముదురుతుంది. మర్నాటికి మచ్చ ముదిరింది గాని, ముదరడం ఆగాల్సినచోట ఆగలేదు. రాత్రి ట్యూబులైటు కింద బాగానే కలిసినట్టుంది. పొద్దున ఏడింటికి తూర్పు తలుపులోంచి ఎండ గోడను ఒరుసుకుంటూ పడేసరికి మచ్చ చుట్టూ అంచు తేలింది, పెన్సిలుతో గీసినట్టు. దగ్గరికి వెళ్లి చూస్తే లోపల గోడ నున్నగా ఉంది, బయట రోలరు వదిలిన సన్నటి బొడిపెలున్నాయి. పక్కకు జరిగి చూస్తే మచ్చ కాస్త మెరుస్తోంది. మధ్యాహ్నానికి సగం మాయమైంది. సాయంత్రం లైటు వేయగానే పూర్తిగా పోయింది. మర్నాడు ఏడింటికి మళ్లీ హాజరు.

తెలుగిళ్లలో ఇలాంటి వాటికి ఎప్పటినుంచో ఒక మందు ఉంది, క్యాలెండరు. మన గోడల మీద వేలాడే క్యాలెండర్లలో సగం తిథీ వారం కోసం కాదని నా అనుమానం. దేవుడి పటం, పెళ్లి ఫొటో, బీరువా, దివాన్ సెట్టు, అన్నీ అవసరమైనచోటికి జరుగుతాయి. మా మచ్చ కిటికీకి కిందుగా, మోకాలెత్తున ఉంది. ఆ ఎత్తున క్యాలెండరు ఏ ఇంట్లోనూ పెట్టరు. సోఫా జరిపితే వీధి తలుపు తెరుచుకోదు.

అప్పుడు నాకు మ్యాచింగ్ సెంటర్లు గుర్తొచ్చాయి. రంగుల విషయంలో మన దేశంలో నిజమైన నిపుణులు జాకెట్టు గుడ్డ కొనే ఆడవాళ్లు. చీర కొంగు కౌంటరు మీద పరిచి, నాలుగు ముక్కలు పక్కన పెట్టి చూస్తారు. షాపతను "ఇదే అమ్మా, సేమ్ టు సేమ్" అంటూనే ఉంటాడు. ఆమె మాట్లాడకుండా చీరనూ ముక్కనూ తీసుకుని గుమ్మం బయటికి నడుస్తుంది. ఎండలో చూస్తుంది. తల అడ్డంగా ఊపుతుంది. రెండు గుడ్డలకు వేర్వేరు రంగు మందులు వాడి ఉంటే, లోపలి లైటు కింద ఒక్కటిగా కనిపించినవి ఎండలో విడిపోతాయి. ట్యూబులైటు వెలుతురులో కొన్ని రంగులు బలంగా, కొన్ని బలహీనంగా ఉంటాయి. ఎండలో అన్నీ పుష్కలంగా ఉంటాయి. వెలుతురును బట్టి రంగుల జోడీ కుదరడం, చెడటం సైన్సుకు బాగా తెలిసిన సంగతే. ఆమెకు సైన్సుతో పనిలేదు, గుమ్మం ఎటుందో తెలిస్తే చాలు. మన గోడ రంగు ఖాయం చేసే మగవాళ్లు మాత్రం రాత్రి ఎనిమిదింటికి, షాపులో ఎల్ఈడీ బల్బు కింద, తపాలా బిళ్లంత షేడ్ కార్డు ముక్క చూసి, అరచేయి ఊపి సరే అనేస్తారు.

ఒకే నంబరు రెండుసార్లు రెండు రంగులు ఎందుకైందని మా పెయింటర్‌నూ ఇంకొందరు పాత మేస్త్రులనూ అడిగాను. వాళ్లు చెప్పింది విన్నాక, అసలు కలవడమే వింత అనిపించింది. ఇప్పుడు షాపులో రంగు డబ్బాలో నిండి రాదు. డబ్బాలో ఉండేది తెల్లటి బేస్. మిషను దానిలో నంబరు ప్రకారం పసుపు, ఎరుపు, నలుపు స్టైనర్లు చుక్కల లెక్కన వదులుతుంది. ఇరవై లీటర్ల బకెట్లో ఒక చుక్క అటూఇటూ అయితే ఎవరికీ తెలియదు. లీటరు డబ్బాలో అదే చుక్క రంగును మార్చేస్తుంది. బేస్ కూడా బ్యాచ్ బ్యాచ్‌కీ వెంట్రుకవాసి తేడాతో వస్తుంది. కంపెనీ అదే అయినా, మెరుపున్న రకం ఒకటి, మెరుపు లేని రకం ఒకటి ఉంటాయి. రెండింటికీ నంబరొక్కటే ఉండొచ్చు గాని వెలుతురును తిప్పికొట్టే తీరు వేరు. ఇక పుట్టీ పెట్టిన చోట ప్రైమర్ సరిగా పడకపోతే గోడ రంగులోని సారాన్ని పీల్చేసి, అక్కడ మాత్రమే చప్పగా కనిపిస్తుంది. మొదటిసారి రోలరుతో వేసి రెండోసారి బ్రష్షుతో వేస్తే చర్మమే మారిపోతుంది. వీటన్నిటికీ మించి, డబ్బా మీద ఉన్న రంగు గోడ మీద ఎప్పుడో మాయమైంది. అయిదారేళ్ల ఎండ, వంటింటి పొగ, అగరొత్తులు, తల ఆనించి కూర్చునేవాళ్ల జుట్టు నూనె, అన్నీ కలిసి దాన్ని వేరే రంగును చేశాయి. ఆ రంగుకు ఏ షేడ్ కార్డులోనూ నంబరు లేదు.

రంగు కుదరలేదన్న ఫిర్యాదు మా ఒక్క ఇంటిదీ కాదు, ఇప్పటిదీ కాదు. పారిస్‌లో గోబెలిన్ అనే పాత రాజాస్థానపు నేతశాల ఉంది. గోడలకు వేలాడదీసే బొమ్మల తివాచీలకు అది పేరుమోసింది. 1824లో దాని అద్దకం విభాగానికి షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా వచ్చాడు. నేతగాళ్లు ఆయనకొక ఫిర్యాదు చేశారు. నీలం, ఊదా బట్టల నీడల కోసం వాడే నల్లదారం వెలిసినట్టుంది, అద్దకం సరిగా లేదు అని. షెవ్రోల్ వేరే దేశాల నుంచి నల్లదారాలు తెప్పించి మరీ పక్కపక్కన పెట్టి చూశాడు. అద్దకంలో లోపమేమీ లేదు. నలుపు పక్కన నీలం పెడితే నలుపు వెలవెలబోతోంది, అంతే. పక్కనున్న రంగును బట్టి మన కన్ను ఈ రంగును మార్చి చూస్తుందని ఆయన తేల్చి, 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. ఆ పుస్తకం చిత్రకారుల్లో ఒక తరాన్నే కదిలించింది. ఒక కస్టమర్ ఫిర్యాదును ఇంత సీరియస్‌గా తీసుకున్న అధికారి ఇంకొకడు ఉన్నాడో లేదో. ఆయన నూటరెండేళ్లు బతికాడు కూడా.

దానికి వందేళ్ల తర్వాత, 1942లో, అమెరికాలో కొడాక్ కంపెనీలో పనిచేసే మెకాడమ్ మనిషి కన్ను రంగులో ఎంత చిన్న తేడాను పట్టగలదో కొలిచాడు. ఒకే మనిషి చేత వేలకు వేలసార్లు రెండు వెలుగులను కలిపి చూడమన్నాడు. పక్కపక్కన ఉన్నప్పుడు కన్ను పట్టే తేడా అతి సూక్ష్మం. ఆ తేడా కూడా అన్ని రంగుల్లో ఒక్కలా లేదు, కొన్నిచోట్ల మరీ పదును. ఈ రోజు రంగుల కంపెనీలు తేడాలను అంకెల్లో కొలిచే పద్ధతులకు ఆ లెక్కలూ ఒక పునాది. చిత్రమేమంటే అదే 1942లో బొంబాయిలో నలుగురు మిత్రులు కలిసి ఏషియన్ పెయింట్స్ మొదలుపెట్టారు. తర్వాత 1954లో ఆర్.కె. లక్ష్మణ్ వాళ్లకు గీసిచ్చిన కుర్రాడే గట్టు, చేతిలో రంగు కారే బ్రష్షుతో ఉండేవాడు. మా చిన్నతనంలో పెయింటు కొట్టు అంటే గట్టు బొమ్మే. వాడి బ్రష్షులోంచి కారే రంగు ఏ గోడతో కలవాలన్న ప్రశ్న అప్పుడు ఎవరికీ రాలేదు.

పోల్చడంలో అంత సూక్ష్మమైన ఈ కన్ను గుర్తుపెట్టుకోవడంలో మాత్రం శుద్ధ మొద్దు. మీ పడకగది గోడ ఏ రంగో కళ్లు మూసుకుని చెప్పి, షాపుకెళ్లి కార్డులో వేలు పెట్టి చూపించండి. ఇంటికొచ్చాక ఆ ముక్కను గోడ మీద పెడితే ఇద్దరికీ చుట్టరికం కూడా ఉండదు. హాల్లో ఒక గంధం, పడకగదిలో ఇంకో గంధం ఉంటే జన్మలో ఎవరూ కనిపెట్టరు. రెండూ ఒకే గోడ మీద అంచు కలిపి నిలబడితే గుమ్మంలోంచే తెలిసిపోతుంది. తోడల్లుళ్లు విడివిడిగా వచ్చినప్పుడు ఇద్దరూ మంచివాళ్లే, ఒకే పంక్తిలో పక్కపక్కన కూర్చుంటేనే అత్తగారికి తేడాలు కనిపిస్తాయి.

మరి ఈ కంటికి సర్దిచెప్పే చోటు ఏదైనా ఉందా అంటే ఉంది, గది మూల. మీరున్న గదిలోనే ఒక మూలకేసి చూడండి. ఒకే డబ్బాలోంచి, ఒకే రోజు, ఒకే మనిషి వేసిన రంగు మూలకు అటు ఒకలా, ఇటు ఒకలా ఉంటుంది. కిటికీ వెలుతురు ఒక గోడను తాకి రెండోదాన్ని తాకదు. గదిని బొమ్మ గీసే చిత్రకారుడు ఆ రెండు గోడలకూ రెండు రంగులు కలుపుకోవాల్సిందే. అయినా మనలో ఒక్కరికి కూడా "మూల దగ్గర రంగు మారింది" అని అనిపించదు. గోడ మళ్లింది కాబట్టి రంగు మారడం సహజమేనని కన్ను తనకు తానే ఒప్పుకుంటుంది. అందుకే పాత మేస్త్రులెవరూ గోడ మధ్యలో రంగు ఆపరు. ఒక మూల నుంచి ఇంకో మూలదాకా, లేదంటే తలుపు చట్రం దాకా.

మన పాత ఇళ్లలో గోడ అడుగున ఎర్రమన్ను పట్టీ ఉండేది. అరుగుకూ నేలకూ పైన జానెడో బెత్తెడో ఎత్తున జాజు పూసేవాళ్లు. వాన చినుకులు చిందించే బురద కనిపించదని దానికి కారణం చెప్పేవాళ్లు. అది నిజమే. దానితోపాటు ఇంకో పని కూడా ఆ పట్టీ చేసేది. వసారా తెలుపుకూ అరుగు తెలుపుకూ మధ్య ఎర్రగీత ఉంటే ఆ రెండు తెలుపులూ ఎదురుపడవు. తేడా ఎంతున్నా కన్ను అడగదు. మా పెద్దవాళ్లు ఆ లెక్క వేసి చేశారని నేను చెప్పను గాని, ఫలితం మాత్రం అదే.

ఎరుపు పక్కన తెలుపు ఉంటే మనకు ఏ ఇబ్బందీ లేదు. గంధం పక్కన ముదురు ఆకుపచ్చ ఉన్నా లేదు, అది ఎవరో కావాలని వేసింది అనుకుంటాం. గంధం పక్కన ఇంచుమించు గంధం ఉంటేనే కూర్చోనివ్వదు. అది తప్పో, ఉద్దేశమో తేలదు. ఒక గోడకు పూర్తిగా వేరే రంగు వేయించి, దాన్ని డిజైన్ అని చెప్పుకునే ఇళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నాయి. కొన్నిటి వెనక ఒక కలవని డబ్బా కథ ఉంటుందని నేను పందెం కాస్తాను. శ్రీకాళహస్తి కలంకారీ కొనేవాళ్లను చూడండి. కలంతో చేత్తో గీసిన గుడ్డ, పారే నీళ్లలో ఉతికిన గుడ్డ. రెండు తానుల ఎరుపు ఒక్కటి కాదు. కొనేవాళ్లు ఆ తేడా చూసి ఇది నిజమైన చేతిపనేనని సంతోషిస్తారు. ఇంటికొచ్చి అదే మనుషులు గోడ మీద బొటనవేలంత తేడాకు పెయింటర్‌ను నిలదీస్తారు. నేనూ ఆ మనుషుల్లో ఒకణ్ణే. కలంకారీ ఎరుపు కలుస్తుందని ఎవరూ మాటివ్వలేదు. డబ్బా మాత్రం మూత మీద నంబరు వేసి మాటిచ్చింది.

రంగులు కలవలేదన్న గొడవ మన రాష్ట్రంలో సుప్రీంకోర్టు దాకా కూడా పోయింది, కాకపోతే అక్కడ పేచీ మరీ ఎక్కువ కలిశాయని. గ్రామ సచివాలయాలకు, పంచాయతీ కార్యాలయాలకు వేసిన రంగులు అప్పటి అధికార పార్టీ జెండాను పోలి ఉన్నాయని 2020 మార్చిలో హైకోర్టు వాటిని తీసేయమంది. ప్రభుత్వం ఆ రంగులకు ఎర్రమట్టి రంగు కూడా చేర్చి కొత్త ఉత్తర్వు ఇచ్చింది. దాన్నీ హైకోర్టు కొట్టేసింది. జూన్‌లో సుప్రీంకోర్టు రంగులు మార్చక తప్పదంది. పార్టీల సంగతి పక్కన పెట్టి కంటి సంగతే చూస్తే, ఆ కేసులో తేలాల్సింది మా హాలు గోడ మీద తేలాల్సిందే. ఎంత తేడా ఉంటే వేరు అంటాం, ఎంత దగ్గరైతే అదే అంటాం?

మా ఇంట్లో ఈ విషయం మీద రెండు పార్టీలు ఏర్పడ్డాయి. మచ్చ మీద ఇంకో కోటు వేసి చూద్దామని ఒకటి, అసలు పట్టించుకోకుండా ఊరుకుందామని ఒకటి. పెయింటర్ మాత్రం తలగోక్కుని, "మచ్చకు ఎన్నిసార్లు వేసినా మచ్చే పెద్దదవద్దన్నా. గోడంతా ఏసేస్తే పోద్ది," అన్నాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. మచ్చను కలపబోయి కాస్త పక్కకు, దాన్ని కలపబోయి ఇంకాస్త పక్కకు, చివరికి ముగ్గు పళ్లెం కాస్తా తలుపంత అయిన ఇళ్లు నాకు తెలుసు. పైగా గోడంతటికీ పట్టేది కలిపి రెండు మూడు లీటర్ల రంగే. కూలి ఎలాగూ ఒకరోజుదే.

చివరికి కిటికీ ఉన్న గోడకు మాత్రం, మూల నుంచి మూలదాకా, రెండు కోట్లు వేయించాం. ముందు ఆ మచ్చ దగ్గర చెమ్మ మీటరు లాంటివేమీ లేకుండా, పాత పద్ధతిలోనే ఒక పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపు వేసి అంటించి ఒక రాత్రి ఉంచాం. పొద్దున కవరు లోపల నీటి చెమట పట్టలేదు కాబట్టి గోడ ఆరిందని ముందుకెళ్లాం. కిటికీ బయట చట్రం పైన సందు మూయించాం, ఎందుకంటే నీళ్లు వచ్చేది అక్కడినుంచే, దాన్ని వదిలేస్తే రంగు ఏదైనా వచ్చే నవంబరుకు మళ్లీ ఊడుతుంది. పెయింటర్ కొత్తగా తెచ్చిన డబ్బాలన్నీ విప్పి ఒకే పెద్ద బకెట్లో పోసి, కర్రతో అడుగు నుంచి తిప్పాడు. డబ్బాకూ డబ్బాకూ ఉండే తేడా ఆ బకెట్లోనే తేలిపోవాలని. ఇలా కలపకుండా ఒక డబ్బా అయిపోయాక ఇంకో డబ్బా విప్పితే, గోడ మధ్యలో రెండో డబ్బా మొదలైన చోటు ఎండలో గీతలా తేలుతుందని అతనికి తెలుసు. రోలరుతోనే వేశాడు, అంచులకు మాత్రమే బ్రష్షు. పక్క గోడలతో పోలిస్తే ఇప్పుడు ఈ గోడ ఒక పిసరు కొత్తగా ఉంది. మూల మీదుగా చూస్తే ఆ పిసరు కనిపించదు. తెలిసిన నాకు ఇంకా కనిపిస్తుంది గాని, ఇంటికొచ్చేవాళ్లెవరూ అడగలేదు.

రంగు వేయించేవాళ్లకు నా మనవి ఒక్కటే. పని అయ్యాక డబ్బాల మూతలు చెత్తలో పారేయనివ్వకండి. మూత మీదో పక్క చీటీ మీదో షేడ్ నంబరు, బేస్ పేరు, బ్యాచ్ నంబరు, కలిపిన తేదీ ఉంటాయి. ఫోన్‌లో ఒక ఫొటో తీసి, ఏ గదికి వేశారో కింద రాసుకోండి. మిగిలిన రంగును తులసి కోటకు ఇచ్చేయకుండా, ఒక గాజు సీసాలో అంచుదాకా నింపి, మూత గట్టిగా బిగించి, ఎండ తగలని చోట పెట్టండి. సీసాలో గాలి ఎంత తక్కువుంటే రంగు అంత కాలం నిలుస్తుంది. కొత్త డబ్బా తెచ్చినప్పుడు నేరుగా గోడ మీదికి పోకుండా ఒక అట్టముక్కకు వేసి, ఆరాక, పొద్దున ఒకసారి రాత్రి ఒకసారి పాత రంగు పక్కన పెట్టి చూడండి. అప్పటికీ కలవకపోతే ఆ గోడ మొత్తం వేయించండి. మచ్చకు మాత్రం వేయించకండి.